ముదురు పాకం, లేత పాకం

పల్లీపట్టీకి పాకం ముదరాలి. విరిస్తే పుటుక్కున విరగాలి. లేతగా ఉండగానే దింపేశారా, ఇక అది విరగదు. సాగుతుంది, వంగుతుంది, వేళ్లకు అంటుకుంటుంది. నీటి ఒత్తిడితో రాతిని పగలగొట్టే లెక్కలతో బతికే నాకు పేచీ అంతా ఈ రెండో రకం పట్టీతోనే.

1947లో అమెరికాలోని కాన్సాస్‌లో, హ్యూగోటన్ గ్యాస్ క్షేత్రంలో ఈ పగలగొట్టే పనిని, అంటే ఫ్రాకింగ్‌ను, మొదటిసారి చేసి చూశారు. పదేళ్లకు హబ్బర్ట్, విల్లిస్ అనే ఇద్దరు జెలటిన్ ముద్దలోకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఎక్కించి, బిగింపు ఎటు తక్కువో పగులు అటు నోరు తెరుస్తుందని చూపించారు. పగులు ఎంత పొడవు, ఎంత వెడల్పు అవుతుందో లెక్కగట్టడానికి ఇప్పటికీ మేం వాడే పీకేఎన్, కేజీడీ మోడళ్లు 1955, 1972 మధ్య రూపుకట్టినవి. వాటి దృష్టిలో రాయంటే ముదురు పాకమే. ఒత్తిడి తీసేస్తే మళ్లీ యథాస్థితికి వస్తుంది, లేదంటే విరుగుతుంది.

మెత్తటి ఇసుకరాయి ఈ మాట వినదు. పంపు దగ్గర గేజి, మోడల్ చెప్పినదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకు కారణాలు చాలా ఉండొచ్చు. మేం మాత్రం టఫ్‌నెస్ అంకెను, అంటే పగులుకు రాయి ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకెను, పెంచుకుంటూ పోతాం, మోడల్ గీత గేజి గీత మీద పడేదాకా. నేనూ చేశాను. ల్యాబ్‌లో అదే రాయి చూపిన విలువకు ఎన్నో రెట్లు పెట్టి, 'మ్యాచ్ అయింది సార్' అని రిపోర్టు ఇచ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. అదే ఇంకా బాధ.

నిజానికి పగులు కొన ముందున్న రాయి విరగకముందే నలుగుతుంది, రేణువులు ఒకదాని మీద ఒకటి జారతాయి. పంపు పంపిన శక్తిలో కొంత ఆ నలుగుడుకే ఖర్చు. అందుకే ఒత్తిడి పెరుగుతుంది, పగులు పొట్టిగా, వెడల్పుగా తయారవుతుంది. 1990లలో పాపనాస్తాసియు అనే పరిశోధకుడు దీన్ని కంప్యూటర్ లెక్కల్లో చూపించారు. ఆ లెక్క ఓపిక పరీక్షే. కొన దగ్గర మెష్, అంటే లెక్క కోసం రాయిని విడగొట్టే గళ్లు, బాగా సన్నగా ఉండాలి, ఒత్తిడిని కొంచెం కొంచెంగా పెంచాలి. ఒకసారి నలిగిన రాయి వెనక్కి రాదు కాబట్టి, ఇప్పుడెంత ఒత్తిడి ఉందన్నదే కాదు, అక్కడిదాకా ఎలా వచ్చామన్నదీ లెక్కలోకి వస్తుంది. మధ్యలో ఒక అడుగు పెద్దదైతే ప్రోగ్రాం మొండికేస్తుంది, రాత్రంతా నడిచి తెల్లారేసరికి ఆగిపోయి ఉంటుంది.

ఇంత అవస్థ ఎందుకంటారా? పగులు పొడవు తప్పితే, దాన్ని తెరిచి ఉంచడానికి పోసే ఇసుక లెక్కా తప్పుతుంది. పొట్టి పగులులోకి పొడుగు పగులుకు సరిపడా ఇసుక పంపితే, అది మధ్యలోనే ఇరుక్కుని పని ఆగిపోవచ్చు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, టఫ్‌నెస్ పెంచక తప్పకపోతే పెంచండి. పక్కనే ల్యాబ్ విలువ కూడా రాయండి.