నక్ష మీద నక్ష

తొమ్మిదో తరగతి పిల్లల ముందు కంప్యూటరు పెట్టి జీఐఎస్ పాఠం మొదలుపెట్టడం పొరపాటని నా గట్టి నమ్మకం. భౌగోళిక సమాచార వ్యవస్థ అని పేరు పెద్దదే గానీ లోపలున్న ఆలోచన చిన్నది. ఎక్కడ ఏముందో పటం మీద పెట్టాలి. దాని పక్కన ఏముంది, దీనికీ దానికీ సంబంధమేమిటి అని అడగాలి. ఆ అడగడం అలవాటైన పిల్లలకు సాఫ్ట్‌వేరు తొందరగానే పట్టుబడుతుంది. అలవాటు కానివాళ్ల చేతికి ఏమిచ్చినా రంగుల బొమ్మ తప్ప మరొకటి రాదు.

మొదటి పాఠానికి నేనైతే 1854 నాటి లండన్‌ను ఎంచుకుంటాను. సోహో పేటలో కలరా. బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీళ్లే కారణమని జాన్ స్నో అనే వైద్యుడు అనుమానించాడు. ఆయన మాట మీద సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీశారు. చనిపోయిన మనిషికి ఒక గీత చొప్పున ఇంటి దగ్గర గుర్తు పెడుతూ ఆయన వేసిన పటంలో గీతలు ఆ పంపు చుట్టూ ముసురుకుని కనిపిస్తాయి. పటం చూసే ఆయన కారణం పట్టుకున్నాడని చాలామంది చెబుతారు. నిజానికి అనుమానం ముందు, ఇల్లిల్లూ తిరిగి అడగడం తర్వాత, పటం ఆఖరున. పిడి ఊడదీసేనాటికే జబ్బు తగ్గుముఖం పట్టింది కూడా. పిల్లలకు ఈ వరస తారుమారు చేయకుండా చెప్పాలి.

ఆ పటంలో గీతలు లేని, అరుదుగా ఉన్న చోట్లు నాకు మరీ ముఖ్యం. దగ్గర్లోనే ఉన్న పేదల వసతిగృహంలో 535 మంది ఉంటే కలరాతో పోయింది ఐదుగురే. వాళ్లకు సొంత బావి ఉంది. ఆ వీధిలోనే ఉన్న బీరు కార్ఖానా పనివాళ్లలో ఒక్కరూ చనిపోలేదు. వాళ్లు ఆ పంపు జోలికి పోయేవారు కాదు. ఇక హెన్రీ వైట్‌హెడ్ అనే అక్కడి చర్చి గురువు స్నో మాట తప్పని తేల్చడానికే బయల్దేరాడు. తనకు తెలిసిన గడపలన్నీ తొక్కి, చివరికి ఒప్పుకున్నాడు. జబ్బు మొదలైన ఇల్లు 40వ నంబరని బయటపెట్టింది కూడా ఆయనే. ఆ ఇంటి పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పంపు పక్కనే ఉన్న మురుగుగుంటలోకి పోయాయి. ఊరిని ఎరిగినవాడు లేకపోతే ఆ పటం సగం పటమే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. గ్రామ నక్ష ఒకటి కావాలి. సర్వే నంబర్లు, బాటలు, వాగు, చెరువు అందులో ఉంటాయి. దాని మీద ట్రేసింగ్ పేపరు పరిచి నాలుగు మూలల్లో నాలుగు గుర్తులు పెట్టించాలి. ఎన్ని కాగితాలు వేసినా ఆ గుర్తులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. ఒక కాగితం మీద బోర్లు, ఒకదాని మీద ఇళ్లు, ఇంకోదాని మీద మురుగు కాలువలు. బోరు ఒక చుక్క, కాలువ ఒక గీత, చెరువు చుట్టూ మూసిన హద్దు. ఇంత వరకు తేలికే. అలుగు దూకేనాటి చెరువు హద్దూ వేసవి హద్దూ ఒకటి కాదు గదా, ఏది గీయాలని ఏ పిల్లో అడుగుతుంది. ఆ రోజు పీరియడు మొత్తం ఆ ప్రశ్నకే పోయినా నష్టం లేదు.

ప్రతి చుక్క వెనక పట్టికలో ఒక వరస ఉండాలి. బోరు లోతు ఎన్ని అడుగులు, ఏ నెలలో ఎండుతుంది, నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత. నల్గొండ, ప్రకాశం జిల్లాల పిల్లలకు ఈ చివరిది పుస్తకాల సంగతి కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక 1937లో నాటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. రాతి పొరలను బట్టి, పక్కపక్కన ఉన్న రెండు బోర్లలో కూడా ఫ్లోరైడ్ తేడాగా ఉండొచ్చు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుంటే ఆకుపచ్చ, ఒకటిన్నర వరకు పసుపు, దాటితే ఎరుపు వేయించండి. తర్వాత అవే అంకెలతో, ఎరుపును మూడు దగ్గర మొదలుపెట్టి మళ్లీ వేయించండి. ఎర్ర చుక్కలు తగ్గిపోతాయి, నీళ్లు మాత్రం మారవు. పటం ఎలా అబద్ధమాడగలదో ఇంతకన్నా బాగా చూపించే పాఠం నాకు తెలియదు.

నక్ష స్కేలు 1:5,000 అయితే 200 మీటర్లంటే కాగితం మీద 4 సెంటీమీటర్లు. మంచి బోరు చుట్టూ కంపాసుతో అంత వృత్తం గీస్తే ఎవరి ఇళ్లు లోపల, ఎవరివి బయట అన్నది తేలుతుంది. మధ్యలో వాగు అడ్డముందన్న సంగతి కంపాసుకు తెలియదు, బిందె మోసే పిల్లకు తెలుసు.

ఈ కాగితాల పనినే 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ కంప్యూటరుకు నేర్పాడు. దేశపు భూముల లెక్క తేల్చడానికి అన్ని పటాలను చేతులతో పోల్చడం కుదరక ఆ పని మొదలైంది. మన పిల్లలకు క్యూజీఐఎస్ అనే జీఐఎస్ సాఫ్ట్‌వేరు పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. బాలానగర్ కేంద్రంగా ఉన్న మన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భువన్ వెబ్‌సైటులో ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. ఫోన్లో అక్షాంశ రేఖాంశాలు రాసుకునేటప్పుడు దశాంశం తర్వాత నాలుగు అంకెలు వదలొద్దని చెప్పండి. నాలుగో అంకె విలువ సుమారు 11 మీటర్లు. రెండో అంకె దగ్గరే ఆపేస్తే బోరు పక్క ఊరికి పోతుంది. వరస మారిస్తే ఇంకా దూరం: హైదరాబాదు 17.3850, 78.4867ను తిరగేస్తే ఉత్తర ధ్రువానికి దగ్గర్లో నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. ఈ తప్పు ప్రతి పిల్లా ఒకసారి చేయాలి, చేసి చూసి నవ్వుకోవాలి.

ఒక్క హద్దు మాత్రం దాటనివ్వొద్దు. ఫలానా ఇంట్లో ఫలానా జబ్బు అని పేరుతో గుర్తు పెట్టించకండి. వాడకట్టు లెక్క చాలు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ల్యాబు వచ్చేదాకా ఆగకండి. ఊరి నక్ష కాపీ ఒకటి తెచ్చి తరగతి గోడకు అంటించండి. వచ్చే శనివారం పిల్లలను వెంటబెట్టుకుని బోర్లు లెక్కపెట్టి రండి.