మర్నాటి మొదటి అడుగు

అరకులో జనవరి తెల్లవారుజామున మంచం దిగాలంటే ధైర్యం కావాలి. గచ్చు మంచులా ఉంటుంది. దుప్పటి తీశాక నేను వెంటనే కాలు కింద పెట్టను. కుడి పాదాన్ని ఎడమ మోకాలి మీద పెట్టుకుని, వేళ్లను వెనక్కి వంచి పట్టుకుని, మడమ నుంచి వేళ్ల దాకా బొటనవేలితో గట్టిగా ఓ ఇరవైసార్లు రుద్దుతాను. తర్వాతే నిలబడతాను. ఆ జనవరి నాటికి ఏడు నెలలుగా ఒక్కరోజు కూడా మానలేదు. ఆ రోజు ఇంకాస్త ఎక్కువసేపు చేశాను. ఆ రోజు హాఫ్ మారథాన్ దూరం పరుగెత్తాలి.

పోటీ కాదు. చొక్కాకి నంబరు లేదు, చివర్లో పతకం లేదు. డిసెంబరులో విశాఖ బీచ్ రోడ్డు మీద నేవీ మారథాన్‌లో హాఫ్ పరుగెత్తాలని జూన్ నుంచే సాధన మొదలుపెట్టాను. మడమ నొప్పి వల్ల ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి మిగతావాళ్లకు చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. బాకీ పడ్డ ఆ 21.0975 కిలోమీటర్లను కొండ మీద తీర్చుకోవాలనుకున్నాను. అరకు నుంచి సుంకరమెట్ట వైపు రోడ్డు పట్టుకుని, చేతి గడియారంలో 10.55 పడ్డచోట వెనక్కి తిరగడం. పోయేటప్పుడు ఎక్కడం, వచ్చేటప్పుడు దిగడం.

ఈ నొప్పిని మనవాళ్లు మడమశూల అంటారు. డాక్టర్లు ప్లాంటార్ ఫాసైటిస్ అంటారు. పొద్దున్న లేచి వేసే మొదటి అడుగులో మేకు దిగినట్టు ఉండడం దాని గుర్తు. పది, పదిహేను అడుగులు వేశాక తగ్గుతుంది. సాయంత్రం ఆఫీసులో కుర్చీలోంచి లేచినప్పుడు మళ్లీ పలకరిస్తుంది. చదువుతున్నవారు కూర్చున్నచోటే ఒక పని చేయండి. ఒక పాదాన్ని ఒళ్లో పెట్టుకుని బొటనవేలిని చేత్తో పైకి వంచండి. అరికాలి మధ్యలో లోపలివైపు తాడులాంటిది బిగుస్తుంది, వేలికి తగులుతుంది. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా పరుచుకున్న పట్టీ అది. అడుగు వేసి మడమ లేపిన ప్రతిసారీ బొటనవేలు వంగుతుంది, ఆ పట్టీ బిగుస్తుంది, పాదం వంపు పైకి లేచి గట్టి మీటలా మారుతుంది. హిక్స్ అనే శాస్త్రవేత్త 1954లో ఈ పనితీరును వివరించాడు. పరుగులో ఒక్క కిలోమీటరుకు ఒక్కో పాదం దాదాపు ఐదారువందలసార్లు నేలను తాకుతుంది. పట్టీ మొదలు దగ్గర, మడమ ఎముకకు అతుక్కున్నచోట, మరమ్మతుకు దొరికే సమయం కంటే అరుగుదల ఎక్కువైతే నొప్పి మొదలవుతుంది.

నాకు ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. వారానికి 25 కిలోమీటర్లు పరుగెత్తే మనిషిని మూడు వారాల్లో 45కి వెళ్లాను. బూట్ల అడుగు అరిగిపోయింది, మార్చలేదు. పిక్కలు కర్రల్లా బిగుసుకున్నాయి, సాగదీయలేదు. మూడు తప్పులూ నావే.

తర్వాతి రెండు నెలలు దారి తెలియక పోయాయి. ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, మడమ ఎముక కింద ముల్లులా పెరిగింది, అదే కారణం అన్నారు. ఆ ముల్లు ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా చాలామందికి ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. మడమలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తే వారంలో పరుగెత్తొచ్చన్నారు. ఇంజెక్షన్‌తో కొన్నాళ్లు హాయిగా ఉండే మాట నిజమే. దాంతోపాటు ఆ పట్టీ తెగే ప్రమాదమూ, మడమ కింది కొవ్వు మెత్త పలచబడే ప్రమాదమూ ఉన్నాయి. నొప్పి తెలియని కాలితో పరుగెత్తడం నాకు భయమనిపించింది. వద్దన్నాను.

దారి చూపించింది ఒక ఫిజియోథెరపిస్టు. ఆమె ఇచ్చిన వైద్యం ఒక మెట్టు, ఒక తువ్వాలు. తువ్వాలును చుట్టి మెట్టు అంచున పెట్టి, దాని మీద వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద మడమను మూడు సెకన్లలో పైకి లేపాలి, రెండు సెకన్లు ఆపాలి, మూడు సెకన్లలో దించాలి. రోజు విడిచి రోజు. తేలికయ్యేకొద్దీ వీపున సంచిలో పుస్తకాలు వేసుకుని బరువు పెంచాలి. డెన్మార్క్‌లో 48 మంది మీద ఈ పద్ధతిని పరీక్షించారు. సాగదీతలు చేసినవాళ్ల కంటే ఈ పద్ధతి పాటించినవాళ్లకు మూడు నెలల దగ్గర బాగా గుణం కనిపించింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ సమానమయ్యాయి. ఈ చివరి మాట కూడా ఆమే చెప్పింది, దాచలేదు. అందుకే ఆమె మీద నాకు గురి కుదిరింది. ఈ నొప్పికి ఏడాది ఓపిక కావాలి, ఎక్కువమందికి ఆ గడువులో తగ్గిపోతుంది అంది.

మళ్లీ పరుగు మొదలుపెట్టే ముందు మూడు షరతులు పెట్టింది. పరుగులో నొప్పి పదికి మూడు దాటకూడదు. నడక తీరు మారకూడదు, అంటే కుంటడం మొదలైతే అక్కడితో ఆపాలి. మర్నాడు పొద్దున్న మొదటి అడుగు, అంతకుముందు రోజు మొదటి అడుగు కంటే ఎక్కువ నొప్పి పెట్టకూడదు. "మీ పరుగు ఎలా జరిగిందో గడియారాన్ని అడగకండి, మర్నాడు మడమను అడగండి" అంది. ఈ మూడో షరతే నాకు పరుగు నేర్పింది. అంతకుముందు పదేళ్లు నేను చేసింది దూరాలు లెక్కపెట్టుకోవడం.

ఆరున్నరకు బయల్దేరాను. చలి పది డిగ్రీల లోపే ఉండి ఉంటుంది. పొగమంచులో రోడ్డు ఇరవై గజాలకు మించి కనబడలేదు. తొమ్మిది నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే ఈ పరుగు–నడక పద్ధతిని లోకానికి అలవాటు చేశాడు. అలసిపోయాక నడవడం వేరు, అలసిపోకముందే లెక్క ప్రకారం నడవడం వేరు. రెండో దానిలో పాదానికి ముందే ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది.

ఎక్కుడులో మడమ గొడవ చేయలేదు. ఎక్కేటప్పుడు పాదం ముందుభాగం మీదే అడుగు పడుతుంది, వేగం తక్కువ, దెబ్బ తక్కువ. కష్టమంతా పిక్కలకూ ఊపిరికే. పొగమంచు విడుతున్నకొద్దీ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు ఒక్కొక్కటే తేలాయి. పండు కోతల చివరి రోజులు. పల్లపు తోటల్లో అప్పటికే మనుషుల మాటలు వినబడుతున్నాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పండు చెట్టు నుంచి రోడ్డు దాకా వచ్చేది మాత్రం మనుషుల తలల మీద, కాళ్ల మీద. నిటారు వాలులో బరువుతో దిగే ఆ పాదాల గురించి నేను అంతవరకు ఆలోచించలేదు.

ముందురోజు సాయంత్రం ధింసా నాట్యం చూశాను. డప్పు, తుడుము, మోరి మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వలయంగా కదిలారు. అందరూ నవ్వుతున్న ముఖాలు చూస్తుంటే నేను నేల మీదున్న పాదాలు చూశాను. చెప్పుల్లేవు. వేళ్లు విడివిడిగా, వెడల్పుగా పరుచుకుని మట్టిని పట్టుకుంటున్నాయి. మడమ లేస్తోంది, తిరిగి చప్పుడు కాకుండా దిగుతోంది. నేను మెట్టు మీద తువ్వాలు పెట్టుకుని నేర్చుకుంటున్న పని అక్కడ తాళంతో జరిగిపోతోంది. వట్టికాళ్ల వాళ్లకు ఈ నొప్పులు రావు కాబోలు అనుకుంటూ నిద్రపోయాను. 1960 రోమ్‌లో అబెబె బికిలా బూట్లు లేకుండా మారథాన్ గెలిచిన కథ కూడా గుర్తొచ్చింది. అదే బికిలా 1964 టోక్యోలో బూట్లు వేసుకుని అంతకంటే మూడు నిమిషాలు తక్కువలో పరుగెత్తి మళ్లీ గెలిచాడు. ఈ రెండో సగం ఎందుకో ఎవరూ అంతగా చెప్పుకోరు.

పదిన్నర కిలోమీటర్ల దగ్గర వెనక్కి తిరిగాను. పాదానికి దిగుడు ఎక్కుడంత దయగలది కాదు. ఒళ్లు బరువంతా ముందుకు తోస్తుంటే ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టే పడుతుంది. పన్నెండో కిలోమీటరు దగ్గర మడమ లోపలి అంచున చిన్న మంట మొదలైంది. రెండు అనుకున్నాను. పదమూడు దగ్గర మూడు. పద్నాలుగు దాటేసరికి నాతో నేను బేరం మొదలుపెట్టాను: మూడున్నరను మూడు అనుకోవచ్చు కదా, మిగిలింది ఏడే కదా. ఇన్ని నెలలు మెట్టు మీద కష్టపడ్డది ఈ ఒక్క పొద్దున కోసమే కదా.

నడక నిమిషం వచ్చింది. ముందు ఒకామె తలమీద బుట్టతో సంతకు దిగుతోంది. యాభై దాటి ఉంటాయి. నేను పక్కకు రాగానే నా ముఖం చూడలేదు, కాలు చూసింది.

"కుడికాలు దాసుకుంటన్నావేటి బాబూ?"

నాకు తెలియనే తెలియదు. నేను మామూలుగా నడుస్తున్నాననే అనుకుంటున్నాను. తల వంచి చూసుకుంటే నిజమే. కుడి పాదం వెలుపలి అంచు మీద పడుతోంది, మడమ లోపలివైపు నేలకు ఆనకుండా తప్పించుకుంటోంది.

"మడమ నొప్పి అమ్మా," అన్నాను.

"మాకూ ఉంటాది. తెల్లారగట్ట లేసినప్పుడు అడుగు పడదు. జిల్లేడాకు ఏసి ఇటికతో కాపుకుంటాను."

"మరి ఆ నొప్పితోనే కొండ దిగుతావా?"

"మరేటి సేత్తాం బాబూ. దిగాల గదా."

గడియారం నిమిషం అయిపోయిందని మోగింది. ఆ మోతను ఆపేశాను. రాత్రి నేను కట్టుకున్న కథ ఆ రెండు మాటలతో కూలిపోయింది. ఆ పాదాలకూ అదే నొప్పి ఉంది. వేడి ఇటుక కాపడంతో బిగుసుకున్న పిక్క, అరికాలు కాసేపు సడలుతాయి, అంతవరకే. తగ్గడానికి కావలసింది బరువు తగ్గించడం, కొన్నాళ్లు దూరం తగ్గించడం. ఆమె బుట్టను ఎవరు తగ్గిస్తారు, ఆమె కొండను ఎవరు దగ్గర చేస్తారు? ఈ మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి రోగులనూ నిండు చూలాళ్లనూ ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ డోలీ కర్ర భుజాన పెట్టుకున్న మనిషికి మడమ నొప్పి ఉందో లేదో ఏ వార్తలోనూ ఉండదు. నడక తీరు మారితే ఆపెయ్ అనే షరతు పెట్టడానికి అతనికి ఎవరూ లేరు, ఆపే వీలూ లేదు. నాకు రెండూ ఉన్నాయి. ఉండి కూడా మూడున్నరను మూడు అని అబద్ధం చెప్పుకోబోయాను.

కొండ దిగేదాకా ఆమెతో కలిసి నడిచాను. దాదాపు నాలుగు కిలోమీటర్లు. నేను బుట్ట పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. పక్కగా నడుస్తూ ఆమె దిగే తీరు చూశాను. చిన్న చిన్న అడుగులు, మోకాళ్లు కొద్దిగా వంగి, ఎక్కడా దబ్బున పడని పాదం. నేనూ అడుగు చిన్నది చేశాను. మంట నెమ్మదిగా రెండుకు దిగింది. చదును నేల వచ్చాక ఆమె సంత వైపు మళ్లింది. నేను ఒక నిమిషం నిలబడి, వంద అడుగులు నడిచి, కాలు దాచుకోవడం లేదని తేల్చుకున్నాక చివరి మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పరుగెత్తాను. మొత్తం 3 గంటల 11 నిమిషాలు. కాలు బాగున్న రోజుల్లో 2 గంటల 8 నిమిషాల్లో ముగించిన దూరం ఇది.

మీకూ పొద్దున్న మంచం దిగగానే మడమలో పోటు పొడిచి, రెండు వారాలైనా తగ్గకపోతే దూరం తగ్గించండి, ఫిజియోథెరపిస్టుకు చూపించండి. మడమ ఎముకను రెండు పక్కల నుంచి పట్టి నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడూ నొప్పి వదలకపోయినా అది పట్టీ నొప్పి కాకపోవచ్చు, ఎముకలో చీలిక ఉండొచ్చు. అప్పుడు ఒక్క కిలోమీటరు కూడా పరుగెత్తకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో అమ్మకో, పనికి వచ్చే అక్కకో ఈ నొప్పి ఉంటే వాళ్లను కూడా తీసుకెళ్లండి. వాళ్లు నోరు తెరిచి అడగరు.

మర్నాడు అరకులోనే నిద్రలేచాను. పాదం రుద్దుకోకుండానే కాలు గచ్చు మీద పెట్టాను. నొప్పి ఉంది. ముందురోజు ఎంత ఉందో అంతే ఉంది.