అబిడాస్ దూలంపై 'హెలికాప్టర్': ఒక పరిశీలన

ఎగువ ఈజిప్టులోని అబిడాస్‌లో ఫరో మొదటి సేతి నిర్మింపజేసిన ఆలయం ఉంది. అది క్రీ.పూ. 13వ శతాబ్దం నాటిది. ఆలయ స్తంభమంటపంలో, పైకప్పును మోసే ఒక రాతి దూలంపై కొన్ని వింత ఆకృతులు కనిపిస్తాయి. వాటిలో ఒకటి హెలికాప్టర్ అనీ, పక్కనున్నవి విమానమూ జలాంతర్గామీ అనీ, కాబట్టి ఫరోల కాలంలోనే ఈ యంత్రాలు ఉండేవనీ కొందరు వాదిస్తున్నారు. ఛాయాచిత్రం చూసినవారికి ఆ వాదం నిజమే అనిపిస్తుంది కూడా. అయితే అనిపించడం వేరు, రుజువు కావడం వేరు.

మొట్టమొదట గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ దూలంపై ఉన్నది బొమ్మల పలక కాదు, అది లిపి. ఫరో బిరుదులను తెలిపే చిత్రలిపి పంక్తిలో అది ఒక భాగం. ప్రచారంలో ఉన్న చిత్రాలు ఆ కొద్ది భాగాన్నే కత్తిరించి చూపుతాయి. వాక్యం నుండి ఒక మాటను పెరికివేసి దానికి ఇష్టమైన అర్థం చెప్పడం వంటిదే ఇది.

మరి ఆ వింత ఆకృతి ఎలా ఏర్పడింది? సేతి కాలంలో అక్కడ 'తొమ్మండుగురు శత్రువులను తరిమికొట్టినవాడు' అన్న భావం గల బిరుదు చెక్కారు. ఆయన కుమారుడు రెండవ రామ్‌సెస్ ఆలయాన్ని పూర్తి చేయిస్తూ, పాత అక్షరాలను గచ్చుతో పూడ్పించి, 'ఈజిప్టును కాపాడి పరదేశాలను అణచినవాడు' అన్న తన బిరుదును చెక్కించాడు. కాలక్రమేణా గచ్చు రాలిపోయింది. రెండు వ్రాతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి నేటి రూపం మిగిలింది. ఇది కేవలం ఊహ కాదు. ఈ రాజుల బిరుదులు ఇతర శాసనాలలో కూడా ఉన్నాయి. వాటితో పోల్చి చూస్తే దూలంపై ఏ అక్షరం ఎవరిదో తేల్చవచ్చు.

దెందెరాలోని హాథోర్ ఆలయపు నేలమాళిగలలో ఉన్న 'విద్యుద్దీపం' సంగతీ ఇంతే. టోలమీల కాలపు ఆ చెక్కడంలో తామరపువ్వు నుండి ఒక పాము వెలువడుతుంది. పువ్వు గాజుబుడ్డికి అడుగు అయిందట, పాము వెలిగే తీగ అయిందట! కాని ఆ పాము ఒక దేవతారూపమని చుట్టూ చెక్కిన వ్రాతే చెబుతోంది. దీపాలు కాల్చి ఉంటే మసి పట్టేది కదా అని వారు అడుగుతారు. ఆ ఆలయపు కప్పులకు దట్టంగా పట్టిన మసిని ఇటీవలి దశాబ్దాలలో శుభ్రం చేశాకే కింది రంగులు బయటపడ్డాయి. రాజసమాధులు తొలిచిన పనివారికి రోజుకు ఎన్ని వత్తులు ఇచ్చారో తెలిపే లెక్కలు కూడా దొరికాయి. వత్తులు లెక్కపెట్టుకున్న వారికి విద్యుత్తును అంటగట్టడం న్యాయమా?

ఈ కథ కొత్తదేమీ కాదు. జలప్రళయం రానున్నదని స్వప్నంలో తెలుసుకున్న సూరీద్ అనే రాజు, విద్యలన్నిటినీ భద్రపరచడానికి పిరమిడ్లు కట్టించాడన్న గాథను 15వ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మఖ్రీజీ నమోదు చేశాడు. ఆనాటి గాథలోని గుప్తవిద్య నేడు హెలికాప్టర్ వేషం కట్టింది.

అయితే ముస్లిం విద్వాంసుల వారసత్వంలో మరొక మార్గమూ ఉంది. బాగ్దాదుకు చెందిన వైద్యుడు అబ్దుల్ లతీఫ్ (1162-1231) ఈజిప్టులో ఉన్నప్పుడు, రెండు వేలకు పైగా పుర్రెలను పరిశీలించి, కింది దవడ ఒకే ఎముక అని నిర్ధారించాడు. అది రెండెముకలని చెప్పిన గాలెన్ అంతటివాని మాటను కూడా గుడ్డిగా అంగీకరించలేదు.

పూర్వజాతుల అవశేషాలను చూసి గుణపాఠం నేర్చుకొమ్మని దివ్య ఖుర్ఆన్ పదే పదే ఆదేశిస్తోంది. చూడడమంటే మనసులో ఉన్నదాన్ని రాతిపై వెదుక్కోవడం కాదు. ఇటువంటి చిత్రాలను మతానికో జాతి గౌరవానికో సాక్ష్యంగా నిలబెట్టేవారు ఒక ప్రమాదాన్ని గుర్తించాలి: సాక్షి అబద్ధమని తేలిననాడు, ఆ సాక్షిని తెచ్చినవాని సత్యాన్ని కూడా లోకం అనుమానిస్తుంది. పైగా ఉలితో, వత్తి వెలుగులో, అంతటి ఆలయాలను నిలబెట్టిన శ్రామికుల ఘనత వారికి దక్కకుండా పోతుంది. ఆ దూలంపై నిజంగా చదవదగినది వేరే ఉంది: తండ్రి పేరును పూడ్చి తన పేరు చెక్కించుకున్న రాజుకు, ఆ గచ్చు కూడా శాశ్వతంగా నిలవలేదు.