జేమ్స్‌కు రెండు నాలుకలు, లారాకు ఒకటే గొంతు

పెర్సివల్ ఎవరెట్ రాసిన 'జేమ్స్'ని ముందు వినండి, తీరిక దొరికితే తర్వాత చదవండి అనే సలహా ఇంగ్లీషు నవలల అలవాటున్న స్నేహితుల నోట తరచూ వినబడుతోంది. నాకది మింగుడుపడదు. ముందు కళ్లతో చదవాల్సిన పుస్తకం అది. అదే సలహా ఆన్ ప్యాచెట్ 'టామ్ లేక్'కి ఇస్తే మాత్రం ఒప్పుకుంటాను. కాకపోతే ఆ నవలను చదివి వినిపించిన గొంతుతో నాకో పేచీ ఉంది. దాని సంగతి తర్వాత.

'టామ్ లేక్' 2023లో వచ్చింది, 'జేమ్స్' 2024లో. పైకి చూస్తే ఒకదానికొకటి ఏమీ కాని నవలలు. ఒకటి అంతర్యుద్ధానికి ముందు మిస్సోరీ నుంచి పారిపోయిన బానిస కథ. రెండోది కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో మిషిగన్‌లోని చెర్రీ తోటలో పళ్లు కోస్తూ ఒక తల్లి ముగ్గురు కూతుళ్లకు చెప్పే పాత ప్రేమకథ. అయితే రెండింట్లోనూ కథ చెప్పే మనిషికి రెండు రకాల శ్రోతలున్నారు. జేమ్స్ తెల్లవాళ్లతో ఒకలా, తనవాళ్లతో ఇంకోలా మాట్లాడతాడు. లారా కూతుళ్లకు కొంత చెబుతుంది, మిగతాది మనకొక్కళ్లకే చెబుతుంది. ఒకరికి వినిపించాల్సింది ఇంకొకరికి వినబడకుండా చూసుకోవడమే ఇద్దరి పనీ. అలాంటి కథల్ని బయటికి చదివేస్తే ఏమవుతుంది?

మార్క్ ట్వైన్ 'హకల్‌బెరీ ఫిన్' 1884లో ఇంగ్లండులో, మరుసటి ఏడాది అమెరికాలో అచ్చయింది. హక్ అనే కుర్రాడితో కలిసి తెప్ప మీద మిసిసిపీ నదిలో సాగిపోయే జిమ్, అందులో హక్ చెబితే తప్ప మనకు తెలియని మనిషి. ఎవరెట్ ఆ కథను జిమ్ చేతే, అంటే మన జేమ్స్ చేతే, చెప్పించాడు. అంతకంటే పెద్ద పని ఇంకొకటి చేశాడు. ట్వైన్ జిమ్ నోట పెట్టిన యాసను తెల్లవాళ్ల ముందు వేసుకునే వేషంగా మార్చేశాడు. వాళ్లు పక్కన లేనప్పుడు బానిసలందరూ చక్కని పుస్తకాల ఇంగ్లీషు మాట్లాడుకుంటారు. నవల మొదట్లోనే జేమ్స్ పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెబుతాడు: వంటింట్లో మంట లేస్తే మంట అని సూటిగా అరవకూడదు, యజమానురాలే చూసి తనే కనిపెట్టానని అనుకునేలా చెయ్యాలి. ఎప్పుడు నసగాలి, ఎక్కడ నోరు తిరగనట్టు నటించాలి, అన్నీ తరగతి గదిలో వ్యాకరణం చెప్పినంత పద్ధతిగా సాగుతాయి.

'జేమ్స్' ఆడియోకి గొంతిచ్చిన డొమినిక్ హాఫ్‌మన్ ఈ ఘట్టాన్ని గొప్పగా చదివాడు. ఎనిమిది గంటలకు తక్కువే ఉండే ఆడియోలో ఆయన ఒక భాషలోంచి ఇంకో భాషలోకి ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా మారిపోతాడు. కాగితం మీద మనం ఒక్కో మాటా కూడబలుక్కుని యాసను పోల్చుకునేలోపు ఆయన నవ్వించేసి ముందుకు వెళ్లిపోతాడు. జేమ్స్ నిద్రలో తన అసలు భాష మాట్లాడితే హక్ అయోమయపడే చోట, వింటున్నవాళ్లకు గుండె ఒక్కసారి జారుతుంది. పట్టుబడిపోయాడేమోనన్న భయం చెవికే ముందు తెలుస్తుంది.

ఇంత బాగా చదివితే మరి పేచీ ఎందుకు? స్పెల్లింగు వల్ల. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రచయితలు నల్లవాళ్ల మాటను, పేద తెల్లవాళ్ల మాటను అక్షరాలు చెడగొట్టి రాశారు. అందులో కొంత నిజంగానే యాస, కొంత వట్టి అక్షరాల కుట్ర. 'వాజ్' అన్న మాటను దొర పలికినా బానిస పలికినా దాదాపు ఒకే చప్పుడు. బానిస నోట పెట్టినప్పుడు మాత్రం తప్పు స్పెల్లింగుతో రాస్తే, చదివేవాడికి ఆ మనిషి చదువురానివాడని కంటితోనే తెలిసిపోతుంది. మాట్లాడుతున్న మనిషికి స్పెల్లింగు ఎక్కడిది? ఆ తప్పు పూర్తిగా రాసినవాడిది, అచ్చువేసినవాడిది. ఎవరెట్ వెక్కిరిస్తున్నది ఈ అచ్చు అలవాటునే. అదే పేజీలో, రెండు వాక్యాల తేడాలో, ఒకే మనిషి నిండైన స్పెల్లింగుతోనూ విరిచేసిన స్పెల్లింగుతోనూ కనబడితే ట్వైన్ పేజీలు గుర్తొచ్చి చదివేవాడికి సిగ్గేస్తుంది. హాఫ్‌మన్ ఎంత గొప్పగా పలికినా చెవికి స్పెల్లింగు వినబడదు. మంచి నటన మిగులుతుంది, ఆ సిగ్గు మిగలదు.

తెలుగువాళ్లకు ఈ తేడా వెంటనే తట్టకపోవచ్చు. మన లిపి చాలావరకు పలికిందే రాస్తుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'మిట్టూరోడి కథలు'లో చిత్తూరు మాటను ఉన్నదున్నట్టు రాస్తే గుంటూరు పాఠకుడు మొదటి పేజీలో తడబడతాడేమో గానీ, ఆ అక్షరాలు మాట్లాడేవాళ్లని కించపరచవు. బయటికి చదివితే ఆ మాట ఇంకా బతుకుతుంది. అందుకే నామినిని ఆ సీమ మనిషి చదివి వినిపిస్తే వినాలని ఉంటుంది నాకు. 'జేమ్స్' విషయంలో ఆ కోరిక లేదు.

ఇంకో సంగతి. 'జేమ్స్' అడుగడుగునా రాతకు సంబంధించిన నవల. ఊళ్లోని జడ్జి థాచర్ గ్రంథాలయంలో దొంగచాటుగా చదువుకున్న మనిషి జేమ్స్. కలవరింతల్లో వోల్టేర్, లాక్ లాంటి తత్వవేత్తలతో వాదనకు దిగుతాడు. అతనికోసం ఒక పెన్సిల్ ముక్క దొంగిలించి తెచ్చిన యువ బానిసను కొట్టి, ఉరితీస్తారు. ఆ పెన్సిల్‌ను జేమ్స్ అప్పట్నుంచి జేబులో మోస్తాడు. ముఖాలకు నల్లరంగు పూసుకుని పాడే తెల్లవాళ్ల బృందం, నిజంగా చరిత్రలో ఉన్న వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ నాయకుడు డేనియల్ డికేటర్ ఎమ్మెట్ ఇందులో పాత్ర. అతని పాటల పుస్తకం కూడా జేమ్స్ చేతికొస్తుంది. ఎమ్మెట్ పాటలు నవల మొదటి పేజీల్లోనే ఏ వివరణా లేకుండా అచ్చయి ఉంటాయి. అవి అక్కడెందుకున్నాయో తెలిశాక వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఈ నవలలో అచ్చుకాగితానికే ఒక పాత్ర ఉంది. ఆడియోలో ఆ పాత్ర దాదాపు మూగబోతుంది.

చెవే గెలిచే చోటు కూడా ఇందులో ఉంది, దాచడమెందుకు. ఎమ్మెట్ బృందంలో నార్మన్ అనే మనిషి తెల్లవాడిగా చలామణి అవుతుంటాడు. జేమ్స్‌నేమో, నల్లరంగు పూసుకున్న తెల్లవాడని జనం నమ్మేలా ముస్తాబు చేసి వేదిక ఎక్కిస్తారు. చూపును ఎవరూ నమ్మలేని ఈ అధ్యాయాల్లో మనుషుల్ని మాటను బట్టే పట్టుకోవాలి. ఇక్కడ హాఫ్‌మన్ గొంతులోని చిన్న చిన్న మార్పులు నాకు అచ్చుకంటే ఎక్కువ పనిచేశాయి.

ఈ పుస్తకానికి నేషనల్ బుక్ అవార్డు, ఆ తర్వాత 2025లో పులిట్జర్ వచ్చాయి. రెండూ న్యాయమే.

ఒకే మనిషి ఇన్ని గొంతులు పలకడానికి పూర్తి వ్యతిరేకం జార్జ్ సాండర్స్ 'లింకన్ ఇన్ ద బార్డో'. 2017లో బుకర్ గెలిచిన ఈ నవల ఆడియోకి 166 మంది గొంతిచ్చారు, సాండర్స్‌తో సహా. 1862 ఫిబ్రవరిలో చనిపోయిన లింకన్ పదకొండేళ్ల కొడుకు విల్లీ చుట్టూ శ్మశానంలో మూగిన ఆత్మల గోల అది. కాగితం మీద ముందు మాట వస్తుంది, ఆ మాట అన్నవారి పేరు కింద వస్తుంది. ఎవరన్నారో తెలియని ఆ రెండు మూడు క్షణాల తికమకే చదువరికి దక్కే ఆత్మల లోకం. ఆడియోలో గొంతు ముందే పట్టిచ్చేస్తుంది. అయితే లింకన్ ఇంటి విందు రాత్రి చంద్రుడున్నాడో లేడో సాక్షులు తలా ఒకటి చెప్పే ఘట్టం మాత్రం వినడానికే పుట్టినట్టుంటుంది. ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నట్టు ఉంది వింటుంటే. ఆధార గ్రంథాల పేర్లు మళ్లీ మళ్లీ చదువుతుంటేనే విసుగు. కన్ను వాటిని దాటేస్తుంది, చెవి దాటలేదు.

ఇక 'టామ్ లేక్'. లారా ఒకప్పుడు నటి. థార్న్‌టన్ వైల్డర్ 1938 నాటి 'అవర్ టౌన్' నాటకంలో ఎమిలీ పాత్ర ఆమెకు అబ్బినంతగా ఇంకేదీ అబ్బలేదు. ఒక వేసవిలో టామ్ లేక్ అనే చోట అదే నాటకం ఆడుతూ పీటర్ డ్యూక్ అనే కుర్ర నటుణ్ని ప్రేమించింది. డ్యూక్ తర్వాత పెద్ద సినిమా స్టారయ్యాడు. లారా నటన మానేసి, జో అనే మంచి మనిషిని పెళ్లాడి, చెర్రీ తోటలో స్థిరపడింది. 2020లో కూలీలు దొరక్క పళ్లు కోయడానికి దిగిన కూతుళ్లు ఎమిలీ, మేసీ, నెల్ ఆ కథ చెప్పమని పట్టుబడతారు. చేతులు పళ్ల మీద, చెవులు తల్లి మీద. కథ చాలావరకు నోటితో చెప్పినదే గనక దీన్ని వినడంలో వింతేమీ లేదు. పైగా 'అవర్ టౌన్' తెరలూ సామగ్రీ పెద్దగా లేకుండా మాటతోనే ఊరిని నిలబెట్టే నాటకం. ప్యాచెట్ తోటను నిలబెట్టిన పద్ధతీ అదే.

చదివి వినిపించింది మెరిల్ స్ట్రీప్. హాయిగా ఉంది, ఎక్కడా నటిస్తున్నట్టు లేదు. కూతుళ్లు అడ్డుతగిలి ప్రశ్నలు వేసినప్పుడు తల్లి కాస్త చిరాకుపడి, కాస్త మురిసిపోయి జవాబు చెప్పే తీరు కాగితం మీద నాకింత స్పష్టంగా తెలియలేదు. ఆడియోను రెట్టింపు వేగంతో వినేవాళ్లున్నారు. ఆమె పట్టిన మౌనాలన్నీ డబ్బిచ్చి కొనుక్కుని చెత్తబుట్టలో వేస్తున్నారని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

నా పేచీ ఇదీ. ఈ నవల ప్రాణమంతా లారా స్టార్ కాకపోవడంలో ఉంది. తనకు దక్కని కీర్తి గురించి ఆమెకు బెంగ లేదు. ఆ మాటను కూతుళ్లు పూర్తిగా నమ్మరు, మనమూ సగమే నమ్ముతాం. ఆ సగం అపనమ్మకం మీదే ప్యాచెట్ కథ నడిపింది. అలాంటి మనిషికి ప్రపంచంలోని అతి ప్రసిద్ధ నటి గొంతు పెడితే ఏమవుతుంది? నేను తెరమరుగున ఉండిపోయాను, నాకేం బాధలేదు అని ఆ గొంతు చెబుతుంటే నాకు లారా కనబడటం మానేసి, ఆస్కార్ వేదిక కనబడింది. ఇందులో స్ట్రీప్ తప్పేమీ లేదు. ఆ పేరుంటే ఆడియో అమ్ముడుపోతుంది, ప్రచురణకర్త లెక్క ప్రచురణకర్తది. పేరు వినని ఏ రంగస్థల నటో చదివి ఉంటే నవల ఇంకో మెట్టు ఎక్కేదని మాత్రం నమ్ముతాను.

రెండో చిక్కు ఇంతకంటే సున్నితమైనది. లారా కూతుళ్లకు చెప్పని సంగతులు కొన్ని మనకు చెబుతుంది. అందులో ఒకటి బరువైనది, ఇక్కడ బయటపెట్టను. కాగితం మీదైతే నిదానంగా చదువుతూ, వెనక్కి తిప్పుకుంటూ ఆ గీతను పోల్చుకోవచ్చు.  ఆడియోలో రెండూ ఒకే కంఠంలోంచి, ఒకే ఆప్యాయతతో వస్తాయి. ఇది చెర్రీ చెట్టు కింద బయటికి అన్న మాటా, తనలో అనుకున్నదా అని నేను ఆపి వెనక్కి జరిపిన సందర్భాలున్నాయి. జేమ్స్ దాచుకున్న భాషను ఆడియో అందరికీ వినబడేలా చేసింది. లారా దాచుకున్న కథకు, చెప్పిన కథకు మధ్య గీతను అదే ఆడియో చెరిపేసింది. అయినా రెండింట్లో ఏది వినాలని అడిగితే 'టామ్ లేక్' అనే చెబుతాను. అక్కడ పోయింది ఒక గీతే, 'జేమ్స్'లో పోయింది నవల చేస్తున్న వాదన.

నటులు, స్టార్లు అందరూ పక్కకు తప్పుకుని రచయితే మైకు ముందు కూర్చుంటే? అబ్రహాం వర్గీస్ 2023 నవల 'ద కవెనెంట్ ఆఫ్ వాటర్'ని, ముప్పై గంటలు దాటిన ఆడియోని, ఆయనే చదివాడు. అంతకుముందు 2009లో వచ్చిన ఆయన 'కటింగ్ ఫర్ స్టోన్'ని సునీల్ మల్హోత్రా అనే నటుడు చదివాడు. వర్గీస్ నటుడు కాడని తెలిసిపోతూనే ఉంటుంది. ఆడవాళ్ల గొంతులు అన్నీ ఒకేలా ఉన్నాయి. కానీ తిరువాన్కూరు సిరియన్ క్రైస్తవుల ఇంటి పిలుపులు, అమ్మచ్చి అన్న మాట, ఊళ్ల పేర్లు తడబాటు లేకుండా వస్తుంటే ఎంత ఊరట! మన పేర్లను అమెరికన్ గొంతులు నలిపేస్తుంటే పళ్లు బిగబట్టి విన్నవాళ్లకు ఆ ఊరట తెలుసు. మద్రాసు ఆసుపత్రిలో స్కాట్లండు సర్జన్ డిగ్బీ కత్తి పట్టే పేజీల్లో వర్గీస్ నిజంగానే వైద్యుడన్న సంగతి గొంతులో వినబడుతుంది. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన మనిషి మరి. శరీరంలోని ఒక్కో పొరనూ పేరుపెట్టి పిలిచేటప్పుడు ఏ నటుడికీ అంత చనువు రాదు.

1900లో పన్నెండేళ్ల పెళ్లికూతురితో మొదలై 1977 దాకా సాగే కథ ఇది. తరానికొకరు నీళ్లలో పోయే కుటుంబం. ఎవరు ఎవరి మనవడో చెవికి పట్టుబడక పుస్తకం తెరిచి వెతుక్కోక తప్పలేదు. అంతకంటే పెద్ద కష్టం వేరే ఉంది. రచయిత తానే చదివితే ఏ వాక్యాన్నీ తొందరపెట్టడు. కుష్ఠు రోగుల ఆశ్రమం చరిత్రా, శస్త్రచికిత్స వివరాలూ, ఏనుగు దామోదరన్ అల్లరీ అన్నీ ఒకే ప్రేమతో, ఒకే నిదానంతో వస్తాయి. నటుడైతే ఎక్కడ తేలికపరచాలో, ఎక్కడ బరువు పెట్టాలో తనకు తానే తేల్చుకునేవాడు. కాగితం మీద నేను డిగ్బీ అధ్యాయాల్లో కొన్ని పేజీలు నిర్మొహమాటంగా దాటేశాను. ఆడియోలో వర్గీస్ నన్ను ఒక్క పేరా కూడా దాటనివ్వలేదు. వంద పేజీలు కోసెయ్యమని సంపాదకుడు గట్టిగా చెప్పి ఉండాల్సిందన్న నా అనుమానం వింటున్నకొద్దీ బలపడింది.