ఆయిలు లెక్క

వేకువజామున విశాఖపట్టణపు చేపలరేవులో నిలిచి, వేలమునకు ముందుగా చేరవలెనన్న తహతహతో నల్లని పొగ గ్రక్కుచు వచ్చెడు బోట్లను చూచువారికి, ఆ పొగలో ఎవరి సొమ్మెంత గాలిపాలగుచున్నదో సాధారణముగా తోచదు. తోచినను, ఇంజను ఎంత పెద్దదైన ఓనరునకంత పరువను భావము మన తీరమున వ్రేళ్ళూనియున్నంత కాలము ఆ తోచుటవలన ప్రయోజనము స్వల్పమే.

తెరచాపతో బ్రతికిన జాలరికి గాలియే యజమాని గనుక, పోవలసిన వేగమును నిర్ణయించుకొను భారము అతనికి లేకుండెను. ఇంజనుతోపాటు ఆ నిర్ణయము కూడ అతని చేతిలోనికి వచ్చినది. చమురు ధరలు రెండవసారి మిన్నంటిన 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రముగా బంగాళాఖాత కార్యక్రమమును ఆరంభించి, ఇసుక తీరమున దిగదగిన పడవలను రూపొందింప బూనినప్పుడు, వానిలో అమర్చిన డీజిలు యంత్రములు పది అశ్వశక్తులకు లోబడినవే. ఒడ్డు సమీపించినపుడు ప్రొపెల్లరును పైకెత్తుకొను వీలొకటి వానికి కల్పించిరి. ఆ కృషిలో పాలుపంచుకొన్న నార్వే నౌకాశిల్పి ఓయ్విండ్ గుల్‌బ్రాండ్‌సెన్, చిన్న పడవలలో ఇంధనము పొదుపు చేయు విధానమును గూర్చి అదే సంస్థకై వ్రాసిన కరదీపిక 2012లో వెలువడినది. జీవితమంతయు పడవలు గీచిన ఆయన చిన్న యంత్రమునే సమర్థించుట నాకు వింతగా తోచలేదు.

ఏలయనగా ఇందలి శాస్త్రము దాపరికము లేనిది. నీటిని త్రోసికొనిపోవు పడవ అణియము వద్ద ఒక కెరటమును, అమరము వద్ద ఒక కెరటమును లేపును. వేగము హెచ్చినకొలది వాని నడిమి ఎడము సాగును. సాగి సాగి అది పడవ పొడవుతో సమానమైనప్పుడు, అమరము పల్లములోనికి దిగి, అణియము మీదికి లేచి, పడవ తాను పుట్టించిన గట్టును తానే ఎక్కవలసివచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున విలియం ఫ్రూడ్ అను ఆంగ్లేయుడు టార్కీ పట్టణమున తొట్టి కట్టించి, అందు మైనపు నమూనాలను లాగించి ఇట్టి సంగతులను శోధించెను. నీటిమట్టము వద్ద పడవ పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలమును 1.34తో హెచ్చవేసినచో వచ్చునది నాట్ల లెక్కన దాని హద్దు; 25 అడుగుల దానికి 6.7. బరువైన పడవకు పదింటి స్థానమున ఇరువది అశ్వశక్తుల యంత్రమును బిగించినవాడు హద్దుపైన సంపాదించు వేగము అత్యల్పము, చెల్లించు మూల్యము మాత్రము అత్యధికము. ఇవేవియు చదువని పూడిమడక సరంగొకడు నాతో ఇట్లనెను: “అమరం కాడ నీరు లేచి తెల్లబడితే అక్కడితో ఆపెయ్యాల బాబూ, ఆపైన తాగిన ఆయిలంతా దండగే.”

సరంగు మాటను అంకెలలో పెట్టి చూతము. డీజిలు ఇంజను ఒక అశ్వశక్తికి గంటకు సుమారు పావు లీటరు త్రాగును. ఫైబరు తెప్పలకు వెనుక పొడవైన గొట్టముతో బిగించెడు పది అశ్వశక్తుల యంత్రమును పూర్తిగా తెరచినచో గంటకు రెండున్నర లీటర్లు. ఆ తెప్ప 6.5 నాట్ల వేగమున 13 నాటికల్ మైళ్ళు పోవుటకు రెండు గంటలు పట్టును, అయిదు లీటర్లు కాలును. వేగమును అయిదవవంతు తగ్గించి 5.2 నాట్లకు తెచ్చినచో, కావలసిన శక్తి వేగపు ఘనమును అనుసరించి తగ్గును గనుక ఇంచుమించు సగమే చాలును. ప్రయాణము రెండున్నర గంటలగును, ఆయిలు మూడు లీటర్ల పైచిలుకే. అరగంట ఓర్పునకు లీటరున్నరకు పైగా మిగులు. టాంకులోనికి గుర్తులు గీచిన కర్రను దింపి, తడిసిన మేర కొలిచి, వలవేయు చోటు చేరుటకు మూడవవంతు, తిరిగివచ్చుటకు మూడవవంతు, గాలి తిరిగినప్పటికై కడమ మూడవవంతు అని విభజించుకొను జాగ్రత్తపరుడైన నావికునికి, ఈ మిగులు ధనము మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడ. వెయ్యి లీటర్ల డీజిలు ఎనిమిదివందల కిలోలకు పైగా తూగును గనుక, భయముకొలది టాంకును నింపుటయు ఖర్చు లేని పని కాదు.

ఇంత స్పష్టమైన లెక్కను జాలరులు పాటింపరేమని నిందించుట బడిపంతులు పోకడ. మన రేవులలో చేప అమ్మిన సొమ్ములోనుండి ముందుగా ఆయిలు, ఐసు, తిండి ఖర్చులు తీసివేసి, మిగిలినదానిని ఓనరును కళాసులును వాటాలు వేసికొందురు. కావున దుబారా అందరికిని తగులును, అది అందరికిని తెలియును. అయినను ముందు చేరిన బోటు చేపకు వేలములో పలికిన ధర, రేవు నిండిన పిమ్మట వచ్చినదానికి పలుకదు. ఎండలో చేప మెత్తబడుచుండగా నెమ్మదిగా రమ్మని చెప్పుట ఎవరికి సాధ్యము? నా మట్టుకు, ఇంధనము పొదుపు చేయు సాధనములలో మొదటిది ఐసుపెట్టె అని తోచును. చేప చల్లగా నున్నప్పుడే సరంగు చేయి తగ్గును. పోవునప్పుడు మాత్రము వేలము లేదు. అప్పటి తొందరకు నాకు సమాధానము దొరకలేదు.

ట్రాలు వల లాగు బోట్ల సంగతి వేరు. అవి రెండు మూడు నాట్లకు మించి కదలకున్నను, వల భారమంతయు యంత్రముపై బడును గనుక అక్కడ పెద్ద ఇంజను అలంకారము కాదు. వానికి వలయందును, బోటు అడుగునను పొదుపు వెదుకవలెను. రోజూ ఒడ్డుకు లాగు తెప్పకు నాచు పట్టదు; రేవులో నెలల తరబడి నిలిచిన బోటు అడుగున గుల్లలు పట్టి గరుకెక్కును. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు వేట నిషిద్ధమైన 61 దినములలో వానిని గీకి రంగు వేసినచో, ఆ పని కూలి నెలలోనే తీరును. ప్రభుత్వము 2019లో లీటరునకు 9 రూపాయలు చేసిన రాయితీ కాల్చిన లీటరునకే గాని, మిగిల్చినదానికి లేదనుట ప్రసంగవశమున మాత్రమే చెప్పుచున్నాను.

పెద్ద మిగులు మరియొకటి ప్రొపెల్లరునందు కలదు. వ్యాసము పెద్దదై నెమ్మదిగా తిరుగునది, చిన్నదై వడిగా తిరుగుదానికంటె అదే ఆయిలుతో ఎక్కువ నీటిని త్రోయును. అందులకు గేరుపెట్టెలో తగ్గింపు రెండింటికి బదులు మూడు, నాలుగు కావలెను. కాని పెద్ద రెక్కలు తిరుగుటకు అమరము క్రింద జాగా ఉండవలెను; ఆ జాగా పడవ కట్టునాడు విడువవలసినదే గాని తరువాత చెక్కిన రాదు. తాళ్ళరేవులో పడవలు కట్టు వడ్రంగి నడిగి, ముందే ఎందులకు విడువరో తెలిసికొన గోరితిని. ఆయన ఉలి ప్రక్కన పెట్టి, “ఓనరుగారు ఇంజను ముందే కొనేసి లారీలో దింపుతారండి. ఆ తరవాతే కదండి మమ్మల్ని పిలిచేది,” అనెను.