సేనాని జీవిత చరిత్ర: రాసినదీ, రాయనిదీ

సైనికాధికారి జీవిత చరిత్రను మన విమర్శ ఎన్నడూ సాహిత్యంగా లెక్కపెట్టలేదు. అది గెజిట్‌కు దగ్గర, కథకూ కవిత్వానికీ దూరం అనుకుని వదిలేశాం. ఇది పొరపాటు. ఫలానా ఏడు చేరాడు, ఫలానా దళానికి నాయకుడయ్యాడు, ఫలానా పతకం పొందాడు అని రాసిన నాలుగు పేజీల వెనక కూడా ఒక దృక్పథం ఉంటుంది. ఎవరిని కర్తగా నిలపాలి, ఎవరిని వాక్యంలో నుంచి తప్పించాలి అన్న నిర్ణయం కలం పట్టకముందే జరిగిపోయి ఉంటుంది.

ఈ ధోరణి ఎంతదూరం పోగలదో చూడాలంటే జర్మన్ వైమానిక సేనాని ఆల్బర్ట్ కెసెల్‌రింగ్ సంగతి చాలు. ఫిరంగి దళంలో కొలువు మొదలుపెట్టి, నలభై ఎనిమిదో ఏట విమానం నడపడం నేర్చినవాడు. 1939లో వార్సా మీద, 1940లో రోటర్‌డామ్ మీద బాంబులు కురిపించిన విమానాలు అతని అధీనంలోవి. తర్వాత ఇటలీలో సర్వసేనాని. 1944 మార్చి 24న రోమ్ దగ్గర ఆర్డియటైన్ గుహల్లో 335 మందిని కాల్చి చంపారు. ఆ నేరం మీద 1947లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం అతనికి మరణశిక్ష వేసింది, తర్వాత దాన్ని యావజ్జీవానికి తగ్గించారు. 1952లో విడుదలయ్యాడు. మరుసటి ఏడే ఆత్మకథ అచ్చయింది. దాని పేరుకు తెలుగులో అర్థం 'ఆఖరి రోజు దాకా సైనికుడు'. వాదనంతా ఆ పేరులోనే ఉంది. వృత్తిని ముందు నిలిపితే బాధ్యత వెనక్కి పోతుంది. ఆజ్ఞ మిగులుతుంది, ఆజ్ఞకు బలైన మనిషి మిగలడు.

ఇక మన తెలుగు నేలకు వద్దాం. భారత వైమానిక దళానికి 1978 నుంచి 1981 దాకా అధిపతిగా ఉన్న ఇద్రిస్ హసన్ లతీఫ్ 1923లో హైదరాబాదులో పుట్టారు. నిజాం కాలేజీలో చదివారు. 1942లో అధికారిగా చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో హరికేన్ విమానం నడిపారు. దేశ విభజన నాడు పాకిస్తాన్‌ను కాదని భారతదేశాన్ని ఎంచుకున్నారు. మన వైమానిక దళానికి అధిపతి అయిన మొదటి ముస్లిం ఆయనే. 1982-85లో మహారాష్ట్ర గవర్నరు, తర్వాత ఫ్రాన్సులో రాయబారి. 2018 ఏప్రిల్ 30న హైదరాబాదులోనే కన్నుమూశారు. ఆయన జీవిత చరిత్రను భార్య, రచయిత్రి బిల్కీస్ లతీఫ్ రాశారు.

ఇక్కడ మన వాళ్లు చేసే తప్పు ఒకటుంది. యూనిఫారం చూడగానే, అందరూ పాలకవర్గ సేవకులే అని ఒక్క మాటతో తేల్చేయడం. కెసెల్‌రింగ్‌నూ లతీఫ్‌నూ ఒకే గాటన కట్టే విమర్శ వర్గ దృక్పథం కాదు, బద్ధకం. ఒకరు ఫాసిజానికి ఆయుధమయ్యారు. మరొకరు దాని మిత్రపక్షం మీద పోరాడారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసింది జపాను విమానాలే. మరుసటి ఏడు తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది ఆ ఫాసిస్టు వ్యతిరేక వాతావరణంలోనే.

అయితే లతీఫ్ పోరాడింది వలస ప్రభుత్వపు యూనిఫారంలో. ఆయన విమానం ఎగిరిన బర్మా నుంచే, అంతకు కొద్దికాలం ముందు, రంగూను రేవుల్లో మూటలు మోసిన తెలుగు కూలీలు అడవులూ కొండలూ పట్టి కాలినడకన వచ్చారు. దారిలో రాలిపోయినవాళ్ల పేర్లు ఏ సేనాని చరిత్రలోనూ కనిపించవు. ఈ వైరుధ్యాన్ని దాచనిదే మంచి జీవిత చరిత్ర.

వర్గం సంగతీ చూడాలి. బిల్కీస్ తండ్రి అలీ యావర్ జంగ్ నిజాం ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసినవారు, తర్వాత మహారాష్ట్ర గవర్నరు. మామ కూర్చున్న గవర్నరు పదవిలో కొన్నేళ్లకు అల్లుడు కూర్చున్నారు. ఇది నింద కాదు, స్వాతంత్ర్యం తర్వాత సంస్థానపు ఉన్నత కుటుంబాలు కొత్త రాజ్యంలో ఎలా కుదురుకున్నాయో చెప్పే సాక్ష్యం.

అన్నిటికన్నా పెద్ద మౌనం 1948. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి కదిలింది. అయిదు రోజుల్లో పని ముగిసింది. బెజవాడ నుంచి బయలుదేరిన వాహిని మా నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం దాటి మునగాల, సూర్యాపేటల వైపు సాగింది. రజాకార్లకు భయపడి సరిహద్దు దాటి మా ఊళ్లకు వచ్చి తలదాచుకున్నవాళ్లకు అది విముక్తి. తెలంగాణ పల్లెల్లో భూమి కోసం పోరాడుతున్న రైతుకు మాత్రం అది కొత్త శత్రువు రాక కూడా. 1951 దాకా ఆ తుపాకులు అతని మీదికే తిరిగాయి. మరాఠ్వాడాలోనూ ఇతర జిల్లాల్లోనూ వేలమంది ముస్లింలు హతులయ్యారు. సుందర్‌లాల్ కమిటీ ఆ సంఖ్యను 27 వేల నుంచి 40 వేల మధ్య అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు.

ఆ చర్యలో వైమానిక దళమూ పాల్గొంది. ఆ దళంలో అధికారిగా ఉన్న ఇరవై అయిదేళ్ల హైదరాబాదు ముస్లిం యువకుడు ఆ అయిదు రోజులూ ఏమనుకుని ఉంటాడు? కొలువుల పట్టిక ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. నవల చెప్పగలదు. తెలంగాణ పోరాటం మీద వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్య రాశారు. వాళ్లు చూసింది నేల మీది నుంచి. ఇటు దేశమూ అటు ఇల్లూ లాగుతున్న అధికారి మనసు మన నవలలో చోటు కోసం ఇంకా ఎదురు చూస్తున్నది.

విద్యార్థి మిత్రులు ఒక పని చేయవచ్చు. ఏ సేనాని చరిత్ర చేతికొచ్చినా ప్రతి విజయం పక్కన, ఆ రోజు ఆ విమానం కింద ఎవరున్నారు అని రాసుకుంటూ పోవాలి. ఆ ప్రశ్నకు తలవంచని పుస్తకం కొలువుల పట్టికగానే మిగులుతుంది. తలవంచి, తడబడి, నిజం ఒప్పుకున్న పుస్తకం సాహిత్యమవుతుంది. చిల్లకల్లు మీదుగా హైదరాబాదు పోయే రోడ్డు మీద ఇవాళ లారీలు పోతున్నాయి. ఆ రోడ్డుకు రెండువైపులా 1948ని రెండు రకాలుగా గుర్తుపెట్టుకున్న ఇళ్లున్నాయి. రెండు జ్ఞాపకాలనూ ఒకే పుస్తకంలో మోయగల రచయిత కావాలి.