చెట్ల కింద నేలకు వేరే లెక్క కావాలి

అడవుల ఎత్తు పటాల్లో చాలావాటికి తెలిసింది నేల కాదు, చెట్ల తలలే. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల్లో భూమ్మీద చాలా భాగానికి ఎత్తులు కొలిచింది. ఆ కొలతకు వాడిన ప్రధాన రాడార్ తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లు. దట్టమైన కొమ్మల్లో అది నేలదాకా దిగలేక మధ్యలోనే వెనుదిరిగింది. డ్రోన్ ఫొటోలదీ అదే ఇబ్బంది. కెమెరాకు కనబడని నేలకు ఎత్తు కట్టలేం. ఆ ఎత్తులతోనే వాగు దారినీ వరద హద్దునూ గీస్తే, నష్టపోయేది దిగువ ఊళ్లే.

లైడార్ ఈ చిక్కును చాలావరకు తీర్చింది. లేజర్ కిరణాల్లో కొన్ని ఆకుల సందుల్లోంచి నేలను తాకి వస్తాయి. నల్లమల లాంటి ఆకురాల్చే అడవుల్లో ఆకు రాలాక విమానం ఎగిరితే అలాంటివి ఇంకా ఎక్కువ దొరుకుతాయి. అయితే ఆఖరున తిరిగొచ్చిన కిరణం కూడా వెదురు పొద మీదిదే కావచ్చు. అందుకే వడపోత తప్పదు. ఒక పద్ధతిలో కిరణాలు తాకిన బిందువుల రాశిని తలకిందులు చేసి, దాని మీద బట్ట పరిచినట్టు లెక్కిస్తారు. బట్ట ఆనిన చోటల్లా నేల. బట్టను మరీ మెత్తగా పెడితే పొదలు నేలలో కలిసిపోతాయి. మరీ బిరుసుగా పెడితే సన్నని కొండ శిఖరాలు కోసుకుపోతాయి. ఏది సరైందో కంప్యూటర్ తెర తేల్చదు, అడవిలోని నేలే తేల్చాలి.

కాబట్టి పటాన్ని సరిచూసే తనిఖీ బిందువులు రోడ్ల మీద, మైదానాల్లో ఉంటే చాలదు, చెట్ల కిందా ఉండాలి. కొమ్మల కింద జీపీఎస్ సరిగా పనిచేయదని, ఖర్చు పెరుగుతుందని అనేవారున్నారు. మాట నిజమే. కానీ దగ్గర్లోని ఖాళీ జాగాలో జీపీఎస్‌తో రెండు బిందువులు కట్టుకుని, అక్కణ్నుంచి టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో లోపలికి కొలుచుకుంటూ పోవచ్చు. ప్రతి ఎకరం కొలవక్కర్లేదు. అడవి రకానికీ వాలుకూ తగినన్ని నమూనాలుంటే చాలు. కృత్రిమ మేధ ఉండగా ఇదంతా ఎందుకనే ప్రశ్నా ఉంది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం 2022లో వెలువరించిన ఫ్యాబ్‌డెమ్ అనే ఎత్తు పటం అలాగే చెట్ల ఎత్తును తీసేసి, సగటు దోషాన్ని బాగా తగ్గించింది. అయినా 30 మీటర్ల గడిలో అసలు నమోదే కాని సన్న వాగును ఏ లెక్కా పుట్టించలేదు.

అమెరికా ఫొటోగ్రామెట్రీ సంఘం 2014 ప్రమాణాలు బయలు నేలకూ, మొక్కలున్న నేలకూ ఖచ్చితత్వాన్ని విడివిడిగా చెప్పమన్నాయి. మన సర్వే టెండర్లలోనూ ఆ షరతు ఉండాలి. నేల బిందువులు దొరక్క అంచనాతో పూడ్చిన జాగాలను పటం మీదే గుర్తించాలి. ఆనకట్ట కట్టే ఇంజినీరుకు నునుపైన పటం కన్నా, ఎక్కడ నమ్మకూడదో చెప్పే పటమే ఎక్కువ అవసరం.